గద్వాలకు ఒక్క టికెట్

గుండ్లచెల్కకు పొద్దున ఆరున్నరకు వచ్చే బస్సును ఎవరు ఆపించారని ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరినైనా అడగండి. కొందరు డిపోను తిడతారు, కొందరు సర్కారును తిడతారు, ఏమీ తోచనివాళ్లు గుంతల రోడ్డును తిడతారు. తిమ్మమ్మను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఎవరైనా అంటే బాగుండునని ఆమెకు ఉంటుంది. తిరిగి నాలుగు మాటలు అని, కాసేపు ఏడ్చి, ఊపిరి తీసుకునేది. ఆ బస్సును ఆపించింది తానేనని ఆమెకు తెలుసు.

తిమ్మమ్మ మిరప కోతలకు ఆడవాళ్లను వెంటబెట్టుకుపోయే గుంపు మేస్త్రి. నలభై ఎనిమిదేళ్లుంటాయి. గొంతు పెద్దది, అడుగు పెద్దది. మానవపాడు చుట్టుపక్కల రైతులకు కాయ పండిందంటే ముందు ఆమెకే ఫోను పోతుంది. ముప్పైమంది ఆడవాళ్లు ఆమె లేవమంటే లేస్తారు, వంగమంటే వంగుతారు. చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు వేసుకుని, తలకు తువ్వాలలు చుట్టుకుని పొద్దున ఆరింటికే నీళ్ల ట్యాంకు దగ్గర వరుసగా నిలబడతారు. వంకర వరుస కూడా ఆమెకు నచ్చదు.

ఆ వరుసకు కాస్త ఎడంగా, రాతి మీద కూర్చుని ఉండే మనిషి ఆమె భర్త నాగప్ప. ఒకప్పుడు ఆరెకరాలు కౌలుకు పట్టి, ఒంటిచేత్తో పత్తి తీసిన మనిషి. రెండేళ్ల కింద రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు గద్వాల దవాఖానలో నాలుగు గంటలు మిషను మీద రక్తం కడిగించుకుంటేనే బతుకు. ఎనిమిదిన్నరకల్లా అక్కడుంటే మొదటి బ్యాచిలో మంచం దొరుకుతుంది. దాటితే ఆ మంచం ఇంకొకరిది. ఒక పూట తప్పితే కాళ్లలోకి నీళ్లు దిగుతాయి, రెండు పూటలు తప్పితే ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి. రోజుకు మూడు గ్లాసులకు మించి నీళ్లు తాగకూడదు. ఎండాకాలం దప్పికైతే చిన్న మంచుముక్క నాలుక మీద పెట్టుకుని, కరిగేదాకా కళ్లు మూసుకుని కూర్చునేవాడు. చూసేవాళ్లకు దండం పెట్టుకుంటున్నట్టు ఉండేది.

"ఇది పండుగకు కొత్త బట్టలు కుట్టిచ్చుకున్నట్టు గాదమ్మా, ఈపాలి లేకుంటె మల్లొచ్చేపాలి అనుకోనీకి," అని దవాఖాన నర్సమ్మ మొదటిరోజే చెప్పింది. తిమ్మమ్మ ఆ మాటను మనసులో మేకు కొట్టి తగిలించుకుంది.

కూతురు అమ్రాబాద్‌లో అంగన్‌వాడీ టీచరు. రావాలంటే నాలుగు బస్సులు మారాలి. వారానికి మూడుసార్లు నాన్నను దవాఖానకు తీసుకుపోయే పని ఆమెతో అయ్యేది కాదు. కాబట్టి నాగప్ప బతుకంతా ఆ ఆరున్నర బస్సు మీదే నడిచింది. తిమ్మమ్మ గుంపుతో పాటు ఆయన్ని ఎక్కించేది, మానవపాడు అడ్డరోడ్డు దగ్గర గుంపుతో దిగిపోయేది, ఆయన ఒక్కడే గద్వాల దాకా పోయేవాడు. డ్రైవరు వెనక మూడో సీటు, కిటికీ పక్క. ఆ సీటులో ఎవరైనా కొత్తవాళ్లు కూర్చుంటే బస్సంతా కలిసి లేపేది.

ఆటోలు లేవా అంటే ఉన్నాయి. ఏడాదిన్నర కిందటి దాకా గుంపు ఆటోల్లోనే పోయేది. ముగ్గురు కూర్చునే చోట పద్నాలుగు మంది. ఒకనాడు మలుపు దగ్గర ఆటో బోల్తా కొడితే, తిమ్మమ్మకు చెల్లెలు వరసైన జములమ్మ నడుము విరిగి ఆరు నెలలు మంచంలో ఉంది. ఇప్పటికీ కాయ కోస్తూ మధ్య మధ్య నడుము పట్టుకుని నిలబడుతుంది. ఆటో కిరాయికే కూలిలో అయిదో వంతు పోయేది. ముందు పోయే ఆటో పొగ వెనక ఆటోలోని ఆడవాళ్ల నోట్లోకి పోయేది. అప్పట్లో మిరప ఘాటుకు దగ్గుతున్నామో, పొగకు దగ్గుతున్నామో వాళ్లకే తెలిసేది కాదు.

తర్వాత ఆడవాళ్లకు బస్సు ఉచితమన్నారు. సర్కారు మాటలు నీళ్ల మీద రాతలని తిమ్మమ్మ మొదట నమ్మలేదు. నిజమేనని తేలాక గుంపు గుంపంతా బస్సెక్కింది. కూలి కూలిగా ఇంటికొచ్చింది. ఇంటరు చదివే ఆడపిల్లలు ఇద్దరు హాస్టలు మానుకుని ఇంటి నుంచే కాలేజీకి పోసాగారు. జములమ్మ నెలకోసారి ఎముకల డాక్టరుకు చూపించుకుంది. పోయి రావడానికి ఎవరి మొహమూ చూడక్కర్లేకపోతే ఆడవాళ్లు ఎంత నవ్వుతారో ఊరికి అప్పుడే తెలిసింది. ఆ బస్సులో నవ్వులకు డ్రైవరు హారను కూడా వినబడేది కాదు.

అయితే ఒక మెలిక ఉంది. ఉచితమైనా టికెట్ తీసుకోవాలి. పైసలు లేని టికెట్. సున్నా అని అచ్చయి వస్తుంది. దానికి ఆధార్ కార్డు చూపించాలి. కండక్టరు మహిపాల్ వనపర్తి వైపు పిల్లవాడు, ముప్పై ఏళ్లు ఉండవు, నోట్లో నాలుక లేనివాడు. బస్సు నిండిపోయి మనిషి దూరే సందు ఉండదు కనుక, ఊరు దాటగానే బస్సు ఆపించి, ఒక్కొక్కరిని అడిగి టికెట్ కొట్టేవాడు. ఆడవాళ్లు కొంగుముడులు విప్పి, చొక్కా కింద జాకెట్లో వెతికి, ఒకరి కార్డు ఒకరికిచ్చి, మళ్లీ మార్చుకుని, మొత్తం తంతు ముగిసేసరికి ఇరవై అయిదు నిమిషాలు. మొదటి నెలలోనే నాగప్పకు రెండుసార్లు మంచం పోయింది. రెండోసారి కాళ్లు ఉబ్బి, చెప్పులు చేతిలో పట్టుకుని దిగాడు.

ఆ తర్వాతి దవాఖాన రోజున తిమ్మమ్మ మహిపాల్‌ను నిలదీసింది.

"తమ్మీ, పైసల్లేని చీటికి గింతసేపేంది?"

"కొట్టాలె అక్కా. మనిషికొకటి కొడితెనే లెక్క."

"ఎవలికి లెక్క? మేము నీ కండ్ల ముంగట్నే ఉన్నం గద. నాలుగూర్లు దాటంగనె దిగిపోతం. ఆ కాగితం కూరల ఏసుకుంటమా? గాడ ఆయన మంచం పోతె నువ్విస్తవా?"

మహిపాల్ మూడో సీటు వైపు చూశాడు. నాగప్ప మొహం పిండి ముద్దలా ఉబ్బి ఉంది. పిల్లవాడికి సొంత తండ్రి లేడు. మెడలోని టికెట్ల మిషను సర్దుకుని డ్రైవరుకు పోనిమ్మని చెప్పాడు.

ఆ రోజు నుంచి అది తిమ్మమ్మ పెట్టిన కట్టుబాటైంది. కార్డులు ఇంట్లో పెట్టెలో ఉండాలి, కోతకు తెస్తే పోతాయి. ఎక్కడం, నిలబడడం, అడ్డరోడ్డు దగ్గర దిగడం. టికెట్ అని ఎవరూ నోరెత్తకూడదు. ఒకసారి జములమ్మ పొరపాటున చెయ్యి చాపితే, "ఏందే, సున్నాను ఫ్రేము కట్టిచ్చుకుంటవా?" అని తిమ్మమ్మ అంటే బస్సంతా గొల్లుమంది. ఆ రోడ్డుకు తనిఖీ వాళ్లు రారు. వస్తే వాళ్ల జీపు టైర్లు పాడవుతాయి. మంచికి పోతే చెడు ఎదురవుతుందని పెద్దలు ఊరికే అనలేదు కానీ, ఆ ఏడాదంతా చెడు కనబడలేదు. బస్సు ఎనిమిదికే గద్వాల చేరింది. నాగప్పకు ఒక్క పూట కూడా తప్పలేదు. కాళ్ల వాపు తగ్గింది. పిలిస్తే నవ్వాడు. మొగుడి ఆయుష్షును తన నోటితోనే పొడిగించానని తిమ్మమ్మ లోలోపల పొంగిపోయింది.

నాగప్పది మాత్రం వేరే పద్ధతి. ఆయన మగవాడు కనుక పైసలిచ్చి టికెట్ తీసుకోవాలి. ఆ టికెట్ చేతిలో పడేదాకా మహిపాల్‌ను వదిలేవాడు కాదు. "ఉట్టిగ కూసోవద్దు తమ్మీ, బస్సు బాకీ పడొద్దు," అనేవాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, సాయంత్రం ఇంట్లో గోడకున్న ఇనప తీగకు గుచ్చేవాడు. కరెంటు చీటీలు, ఎరువుల చీటీలు ఉండే ఆ తీగ కొన్నాళ్లకు బస్సు టికెట్లతో మూరెడు ఎత్తు నిండింది. తిమ్మమ్మ అది చూసి నవ్వేది.

మాఘమాసంలో, కోతలు మంచి ఊపు మీదున్నప్పుడు, ఒక సోమవారం బస్సు రాలేదు.

ఏడు దాకా చూశారు. ఎప్పుడైనా టైరు పంక్చరై ఆలస్యమయ్యేది కనుక ఎవరూ కంగారుపడలేదు. నాగప్ప రాతి మీది నుంచి లేచి, మళ్లీ కూర్చున్నాడు. తిమ్మమ్మ మహిపాల్‌కు ఫోను చేసింది.

"అక్కా, మన రూటు తీసేసిన్రు," అన్నాడు అతను. గొంతు సన్నగా ఉంది. "మంది లేరని తీసేసిన్రట. నన్ను వేరే రూటుకు ఏసిన్రు. నాకు గూడ నిన్ననే తెలిసింది."

"మంది లేరా?" అంది తిమ్మమ్మ, ఎదురుగా వరుసలో ఉన్న ముప్పైమందిని చూస్తూ.

ఆ రోజు ఊళ్లో ఆటో తోలే తిరుపతి బండిలో నాగప్పను ఆడవాళ్ల మధ్య ఇరికించి పంపారు. మిషను సూదులు గుచ్చే ఎడమ చేతికి దెబ్బ తగలకూడదు. ఆయన ఆ చేతిని తలపై పెట్టుకుని, అడ్డరోడ్డు దాకా గుంతగుంతకూ ఎగిరిపడుతూ పోయాడు. అక్కడ ఇంకో ఆటో, తర్వాత ఇంకొకటి. గద్వాల చేరేసరికి పది. మంచం లేదు. మూడింటికి ఎవరో రాకపోతే రెండు గంటలు ఎక్కించారు. తిరుగుదారిలో ఆటోలోనే కక్కుకున్నాడు.

రెండు వారాల్లో ఆరు పూటలు పోవాల్సి ఉంటే, నిండుగా అయింది రెండే. ఇంటరు పిల్లలు ఇద్దరిలో ఒకామె చదువు మానింది. ఊళ్లోకి కొత్తగా మూడు ఆటోలు దిగాయి, కుర్రవాళ్లు కిస్తీల మీద బండ్లు తెచ్చారు. ఒక్క బస్సు పోయేసరికి పొద్దున పూట ఊరి చివర దుమ్ము, పొగ కలిసి నీళ్ల ట్యాంకు సగం దాకా కనబడకుండా పోయింది. కూలిలో అయిదో వంతు మళ్లీ ఆటో తినేసింది. జములమ్మ ఆటో అంచున కూర్చోలేక కోతకు రావడం మానేసింది.

పదహారో రోజు, మంగళవారం, తిమ్మమ్మ కోత ఆపించి, పన్నెండుమంది ఆడవాళ్లతో డిపోకు పోయింది. జములమ్మ కూడా నడుముకు గుడ్డ కట్టుకుని వచ్చింది. డిపో గోడ మీద పచ్చరంగులో భూమి బొమ్మ, దాని మీద నవ్వుతున్న బస్సు, కింద "బస్సెక్కండి, భూమిని కాపాడండి" అని రాసి ఉంది. ఇంటరు మానేసిన పిల్ల దాన్ని పైకి చదివింది.

"ఎక్కుతమంటె గద బస్సు లేనిది," అంది జములమ్మ.

లోపల రూట్లు చూసే అధికారి పేరు మధుసూదన్. చెడ్డవాడు కాదు. కుర్చీలు వేయించి, నీళ్లు తెప్పించాడు. తిమ్మమ్మ చెప్పిందంతా విని, కంప్యూటరును ఆమె వైపు తిప్పాడు.

"చూడమ్మా. మీ ఊరి నుంచి పొద్దటి బస్సుకు ఏడాది లెక్క ఇది. మించితె ముగ్గురు. కొన్ని దినాలు ఇద్దరు. ఇంత డీజిలు కాల్చి ముగ్గురి కోసం బస్సెట్ల నడపాలె?"

"ముగ్గురేంది సారూ! ముప్పైమందిమి ఎక్కుతం దినాం. నిలవనీకి సందుండదు!"

"మరి టికెట్లేవి?" అన్నాడు ఆయన. "పైసల్లేని టికెట్టైనా మాకు టికెట్టే. దాన్ని చూసే సర్కారు మాకు పైసలిస్తది, దాన్ని చూసే బస్సుంటది. ఇందుల కాలేజీ పిల్లలవి ఉన్నయి రెండు. ఇగో, సోమారం, బుధారం, శుక్రారం ఒక మొగ టికెట్ ఉన్నది గద్వాలకు. వారం తప్పకుండ ఉన్నది. గీయనెవరు?"

తిమ్మమ్మ కంప్యూటరు మీదికి వంగింది. జములమ్మే చెప్పింది.

"ఆమె ఇంటాయన సారూ. రక్తం కడిగిచ్చుకోనీకి పోతడు."

అప్పుడు అర్థమైంది తిమ్మమ్మకు. ముప్పైమంది కట్టగట్టుకుని ఏడాదిపాటు ఎక్కి దిగిన ఆ బస్సులో, చదువుకునే పిల్లలిద్దరు కాక, ఊరి పేరు నిలబెట్టిన పెద్దమనిషి నాగప్ప ఒక్కడే. మిగతావాళ్లందరినీ ఆమె తన నోటితో చెరిపేసింది. ఆయన మంచం పోకూడదని చెరిపేసింది. బల్ల అంచు పట్టుకుంది.

"టికెట్లు మేమే తీసుకోలే సారూ," అంది చివరికి. "ఆలిస్యమైతదని నేనే వద్దన్న. ఒట్టు, మేము ముప్పైమందిమి. ఊరంతటిని అడుగుండ్రి."

మధుసూదన్ కలం కింద పెట్టాడు. అదే సమయంలో మహిపాల్ డ్యూటీ దిగి, మిషను, సంచి అప్పజెప్పడానికి గుమ్మంలోకి వచ్చాడు. ఆడవాళ్లను చూసి మొహం విప్పారింది. అందరి మొహాలూ చూశాక, ఆ విప్పారిన మొహం అట్లాగే ఆగిపోయింది.

"అమ్మా, జర నా మాట ఇను," అన్నాడు మధుసూదన్ గొంతు తగ్గించి. "నువ్వు చెప్పింది నేను నమ్ముత. కాని కాగితం మీద పెట్టాలంటె ఒకటే తీరు. టికెట్ కొట్టకుండ ఏడాది మందిని ఎక్కిచ్చుకున్నడని ఈ పిల్లగాని మీద రాయాలె. రాస్తె వీని నౌకరీ ఉండదు. రాయకుంటె మీ బస్సు అడగనీకి నా దగ్గర ఏమీ లేదు. రాసినంక గూడ బస్సొస్తదని నేను మాటియ్యలేను. పైకి పంపుత. ఇగ నువ్వే చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అనేది ఆమె ఎన్నోసార్లు ఇంకొకరికి చెప్పిన సామెత. తనకే ఎదురైతే దానికి కాళ్లూ చేతులూ ఉంటాయని, గుమ్మంలో నిలబడి చూస్తుంటుందని అప్పుడు తెలిసింది. మహిపాల్ బతిమాలలేదు. "అక్కా" అని కూడా అనలేదు. సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. తిమ్మమ్మ కళ్లముందు రాతి మీద కూర్చున్న ఉబ్బిన మొహం కదిలింది. ఈ పిల్లవాడికి వయసుంది, ఇంకో పని దొరుకుతుంది. ఆయనకు ఇంకో ఒళ్లు దొరకదు. అట్లా అనుకుంది. ఇప్పటికీ అట్లాగే అనుకోవాలని చూస్తుంది, కుదరదు.

"రాయుండ్రి సారూ," అంది.

వేలిముద్ర వేయించుకున్నారు. బయటికొస్తుంటే మహిపాల్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె వెనక పన్నెండుమందీ తలలు వంచుకుని నడిచారు. జములమ్మ మాత్రం నడుము పట్టుకుని, ఆ పిల్లవాడి దగ్గర క్షణం ఆగింది.

ఇంట్లో నాగప్ప మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు.

"బస్సొస్తదా?" అని అడిగాడు.

"పైకి పంపుతరట. రాసుకున్రు."

"ఏం రాసుకున్రు?"

ఆయన దగ్గర అబద్ధం ఆడడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. చెప్పింది. ఆయన వింటూ వింటూ గోడ మీది టికెట్ల తీగ వైపు చూశాడు. ముప్పై ఏళ్ల కాపురంలో పెళ్లాం మీద గొంతు లేపని మనిషి, లేపడానికి ఊపిరి కూడా లేని మనిషి, ఆ రోజు లేపాడు.

"ఆ పిల్లగాని కడుపు గొట్టి నా కడుపుల నీళ్లు తీపిస్తవా? నీకెవలు చెప్పిన్రే? నేను చెప్పిన్నా?"

"నువ్వు బతకొద్దా మరి?" అని ఆమె అరిచింది. "నేనేం జెయ్యాలె? నన్నేం జెయ్యమంటవ్?"

బుధవారం తిరుపతి ఆటో వాకిట్లోకి వచ్చి హారను కొట్టింది. నాగప్ప లేవలేదు. బతిమాలింది, తిట్టింది, కాళ్లు పట్టుకుంది. వేలు నొక్కితే గుంత పడి అట్లాగే ఉండిపోయే కాళ్లు అవి.

"నాతోని గాదే," అన్నాడు ఆయన మెల్లగా. "ఆటోల పోయేది తకలీఫు, పోయినంక మంచం లేకుంటె ఇంకో తకలీఫు. దాని కోసం ఒకని అన్నం గుంజుకున్నం. ఇగ సాలు. నన్ను పరేషాన్ చెయ్యకు."

శుక్రవారం కూడా అదే జరిగింది. శనివారం కూతురు నాలుగు బస్సులు మారి వచ్చింది. ఆమె ఏడుపు చూసి నాగప్ప మెత్తబడ్డాడు, సోమవారం పోదామన్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకు పెదవులు నల్లబడ్డాయి. అంబులెన్సుకు ఫోను చేశారు. అది వేరే కేసులో ఉంది, గంటకు వచ్చింది. మానవపాడు అడ్డరోడ్డు దాకా బతికి ఉన్నాడు. రోడ్డు పక్క కళ్లాల్లో తిమ్మమ్మ గుంపు కోసిన మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. రోజూ ఆమె దిగిపోయే చోటే ఈసారి ఆయన దిగిపోయాడు.

ఉగాది దాటిన నాలుగో రోజు బస్సు వచ్చింది.

పైనుంచి ఉత్తరువు వచ్చిందట. పదిహేను రోజులు నడిపి చూస్తారు, మంది ఎక్కితే ఉంచుతారు, లేకుంటే ఇక అడగొద్దు. ఈసారి అంతా పద్ధతి ప్రకారం జరిగింది. సరిగ్గా ఆరున్నరకు బస్సు, తేజస్విని అనే కొత్త కండక్టరమ్మ, కొత్త మిషను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో, ఎవరికైనా తెలియకపోతే ఆ బస్సును చూపించవచ్చు. మిరప కోతలు అయిపోయాయి. గుంపుకు పని లేదు. సగంమంది ఉపాధి పనికి ఊరి చెరువుకే పోతున్నారు, కొందరు పిల్లాజెల్లాతో కర్ణాటక వైపు తరలిపోయారు. కుర్రవాళ్లు కిస్తీల బండ్లు దిగడం లేదు. కాలేజీలకు సెలవులు.

తిమ్మమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "జర ఎక్కుండ్రమ్మా. యాడికన్న పోండ్రి. గద్వాల దాంక పోయి మల్ల రాండ్రి. కార్డు పట్టుకోండ్రి," అని బతిమాలింది. ఒకప్పుడు ఆమె చెప్పడమే ఉండేది, అడగడం ఉండేది కాదు. మొహమాటానికి మొదటిరోజు పందొమ్మిదిమంది ఎక్కారు. రెండోరోజు ఏడుగురు. మూడోరోజు జములమ్మ, ఆమె. పని లేకుండా గద్వాల పోయి ఎండలో కూర్చుని రావడానికి ఎవరికి ఓపిక ఉంటుంది? వాళ్లను అనడానికి లేదు.

మహిపాల్‌కు ఆమె చాలాసార్లు ఫోను చేసింది. అతను ఎత్తడు. ఒకసారి అతని భార్య ఎత్తి, ఎవరో తెలుసుకుని పెట్టేసింది. వనపర్తిలో కిరాయి ఆటో తోలుతున్నాడని తిరుపతి చెప్పాడు. పద్నాలుగు మందిని ఎక్కిస్తున్నాడో లేదో తిమ్మమ్మ అడగలేదు.

నాలుగోసారి బస్సు వచ్చిన రోజు సోమవారం. జములమ్మకు నడుము పట్టేసి రాలేదు. నీళ్ల ట్యాంకు దగ్గర తిమ్మమ్మ ఒక్కతే నిలబడింది. వరుస అంటూ లేకపోయినా, ఎప్పుడూ వరుస మొదలయ్యే చోటే నిలబడింది. ఎక్కి మూడో సీటులో కిటికీ పక్క ఖాళీ వదిలి ఇవతల కూర్చుంది. బస్సులో డ్రైవరు, కండక్టరమ్మ, ఆమె.

"ఆధార్ చూపియ్యమ్మా. యాడికి?"

"గద్వాల." కార్డు చూపించింది. సున్నా టికెట్ వచ్చింది. దాన్ని జాగ్రత్తగా కొంగున కట్టుకుని, అదే ముడిలోంచి నోట్లు తీసింది. "ఇంకోటి కొట్టు బిడ్డా. మొగ టికెట్. గద్వాలకే."

తేజస్విని ముందుకూ వెనక్కూ చూసింది. "ఎవలికమ్మా? ఎవలు లేరు గద."

తిమ్మమ్మ కిటికీ పక్క సీటు మీద చెయ్యి వేసింది.

"మనిషి లేకుండ కొట్టొద్దమ్మా," అంది ఆ పిల్ల నొచ్చుకుంటూ. "ఊకె పైసలెందుకు పాడుచేసుకుంటవ్?"

"మనుషులున్నప్పుడు కొట్టనీయలె బిడ్డా, నేనే," అంది తిమ్మమ్మ. ఏడవడం లేదు. ఆ గొంతు ఎప్పటిలాగే పెద్దగా ఖాళీ బస్సంతా వినబడింది. "ముప్పైమందిమి నిలువున ఉంటె లెక్కల పడలె. సచ్చినోడన్న పడనియ్యి. ఆయనకు టికెట్ లేకుండ బస్సు ఎక్కుడు అలవాటు లేదు."

కండక్టరమ్మ కాసేపు మిషను వైపు చూసి, మీట నొక్కింది. తిమ్మమ్మ ఆ టికెట్‌ను నాలుగు మడతలు పెట్టింది. పెట్టుకోవడానికి చొక్కా జేబు లేదు, అందుకని పిడికిట్లోనే పట్టుకుంది.

దారిలో ఎక్కడా ఆగే పని పడలేదు. బస్సు ఎనిమిదికే గద్వాల చేరింది. మొదటి బ్యాచికి ఇంకా అరగంట ఉంది.